వరసలో మూడోవాడు

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
12 జనవరి 2025

ప్రియ స్నేహితురాలు రాజేశ్వరికి,

పద్మిని నమస్కరించి రాస్తున్న సంగతులు. మోకాళ్ళ మాట పక్కన పెడితే నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. కాపెల్‌లో నువ్వూ, స్మృతీ, అల్లుడూ, మనవరాలూ క్షేమమని తలుస్తాను. మీ డల్లాస్ వైపు కూడా మంచు పడిందని టీవీలో చూపించారు. స్కూళ్ళు మూసేసి ఉంటారు, మనవరాలికి పండగే.

సెప్టెంబరులో నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను చెప్పినదాంట్లో సగం నీకు వినపడలేదు. మిగతా సగం నా గొంతు దాటి రాలేదు. స్మృతి చెయ్యి పట్టుకుని నువ్వు ఆ ఇల్లు విడిచి వెళ్ళిపోయిన ముప్పై అయిదేళ్ళకు నీ గొంతు వింటే ఇంకేం మాట్లాడతాను? చెవులు పోయాయి గాని కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి, ఉత్తరం రాయవే అన్నావు. మొదలుపెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. తెలుగు చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో! 'ఠ' దగ్గర ఆగి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

వెబ్‌సైట్‌లో నా ఫోటో చూసి స్మృతి నన్ను కనిపెట్టిందన్నావు. ఆ ఫోటోలో నేను చేస్తున్న పని ఏమిటని అడిగావు. చెబుతాను.

నేను మందుల కంపెనీలో ముప్పై ఏళ్ళు ఏం చేశానో నీకు తెలుసు. మాత్రలు ఎంత కాలానికి, ఎంత వేడికి, ఎంత తేమకి పాడవుతాయో చూసేదాన్ని. రిటైరయ్యాను. నాలుగేళ్ళ కిందట రాధాకృష్ణ పోయారు. పిల్లలు లేని ఇల్లు, ఆయన కూడా లేకపోయేసరికి రోజంతా ఫ్రిజ్ శబ్దం తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. మా అపార్ట్‌మెంట్లన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కుర్రజంటలే. లిఫ్ట్‌లో నమస్తే ఆంటీ అంటారు, చెవుల్లో ఏదో పెట్టుకుంటారు, అయిపోయింది.

అలాంటప్పుడు ఇక్కడికి దగ్గర్లో పాత సినిమాలు భద్రపరిచే ఒక చిన్న ఫిల్మ్ ఆర్కైవ్‌లో వాలంటీర్లు కావాలంటే వెళ్ళాను. కెమిస్టునని తెలిసి నన్ను వదల్లేదు. వందేళ్ళ నాటి ఫిల్ము పత్తిని ఆమ్లంలో నానబెట్టి చేసింది, తుపాకిమందుకు తోబుట్టువు. అంటుకుంటే నీళ్ళలో ముంచినా మండుతూనే ఉంటుంది. పాడవడం మొదలైతే ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత తేనెలా జిగటవుతుంది, చివరికి గోధుమరంగు పొడి. ఏ రీలు ఏ దశలో ఉందో వాసన చూసి చెప్పడం, చిరిగిన అంచులు అతకడం, తుడవడం నా పని. మంగళవారం, గురువారం వెళ్తాను. ఆ రెండు రోజులూ మాట్లాడతాను. మిగతా రోజుల్లో, నిజం చెప్పనా, ఒక్కోసారి గొంతు ఉందో లేదో చూసుకోవడానికి టీవీకి జవాబు చెబుతుంటాను.

ఇప్పుడు మా బల్లమీద ఉన్నది 1922 నాటి ఉత్తర ధ్రువయాత్ర. హాల్‌స్టెడ్ అనే కెప్టెన్ ఓడ వేసుకుని గ్రీన్లాండ్ పైభాగానికి వెళ్ళాడు. ఎడ్విన్ మార్ల్ అనే కెమెరామన్‌ను వెంట తీసుకెళ్ళాడు. ఉన్నది ఉన్నట్టు చూపించే సినిమాలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. ఆ చలిలో కెమెరాలో నూనె గడ్డకడుతుందని నూనెంతా తుడిచేసి, పెన్సిల్ ముల్లు పొడి రాసి, చేత్తో తిప్పుతూ తీశాడట. ఫిల్ము చలికి గాజులా పెళుసై లోపల రాపిడికి చిన్న చిన్న విద్యుత్ మెరుపులు పుట్టేవి. ఆ మెరుపులు ఇప్పటికీ కొన్ని బొమ్మల మీద ఆకుల్లేని చెట్టుకొమ్మల్లా కనబడతాయి. మొన్నీమధ్య మార్ల్ మునిమనవడు పాత కొట్టంలో దొరికాయని పదిహేను డబ్బాలు తెచ్చి ఇచ్చాడు. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము.

అప్పట్లో థియేటర్లలో ఆడిన సినిమా అరిగిపోయిన కాపీ ఒకటి ఉంది. దాని చివరి ఘట్టం పేరుపొందింది. ఏప్రిల్ రెండున నీల్స్ బ్రాట్ అనే ఓడ వడ్రంగి మంచుతుఫానులో తప్పిపోయాడు. "సహచరులు పందొమ్మిది రోజులు వెతికారు" అని తెరమీద అక్షరాలు పడతాయి. తర్వాత ఆరుగురు మనుషులు బొచ్చు టోపీలు మొహాల మీదికి దించుకుని, వరసగా, తెల్లటి మైదానంలో నడుచుకుంటూ పోతారు. అంతే.

ఆ వడ్రంగి మనవరాలు ఒకావిడ బతికే ఉంది. మార్గరెట్, ఎనభై నాలుగేళ్ళు, మసాచుసెట్స్ తీరాన ఉంటుంది. ఆ వెతుకులాటను శుభ్రమైన బొమ్మలో ఒక్కసారి చూడాలని ఆర్కైవ్‌కి రాసింది. ముసలావిడకి ముసలావిడే జవాబివ్వాలని ఆ పని నాకు అప్పజెప్పారు. రెండు ఉత్తరాలు అయ్యాయి. తాత ఫోటో పంపింది. గంభీరమైన మొహం, ఎడమ చెవి పైభాగం లేదు. చిన్నప్పుడు కుక్క కరిచిందట.

కాగితం అయిపోయింది. జవాబు రాస్తావు కదూ?

నీ పద్మిని


ప్లెయిన్స్‌బరో
16 ఫిబ్రవరి 2025

ప్రియమైన రాజేశ్వరికి,

నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఏమీ మారలేదు, ఇప్పటికీ కుడివైపు వాలే ఉన్నాయి. స్మృతి నర్సింగ్ సూపర్‌వైజర్ అయిందని చదివి సంతోషపడ్డాను. నాకు గుర్తున్న స్మృతి అయిదేళ్ళ పిల్ల, కారు సీట్లో పడుకుని బూట్లతో అద్దాన్ని తన్నేది.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేను.

డబ్బాల్లో అన్నిటికంటే చిన్నది, అరచేతిలో పట్టేది, ఒకటుంది. పైన ఏమీ రాసి లేదు. తెరిస్తే ఏడెనిమిది మూరల ఫిల్ము ముక్క. వాసన లేదు, జిగట లేదు, చక్కగా ఉంది. మిగతా రీళ్ళు అంత జాగ్రత్తగా చుట్టలేదు, దీన్ని మాత్రం కాగితంలో చుట్టి పెట్టాడు. నేను తుడిచి ఇచ్చాను, మా నిధి స్కాన్ చేసింది. నిధి మనవాళ్ళ పిల్లే, ఇక్కడే పుట్టింది, ఆర్కైవ్‌లో ఉద్యోగి. నాతో తెలుగు మాట్లాడటం ప్రాక్టీసు చేస్తుంది.

మొదట చెక్కపలక మీద సుద్దతో తేదీ కనబడింది. మార్చి 11, 1922. ఏ బొమ్మ ఎప్పుడు తీశాడో గుర్తుకోసం మార్ల్ అలా పలకను ముందు తీసేవాడు. పలక పక్కకి జరిగింది. వెనకాల ఆరుగురు వరసగా నిలబడి ఉన్నారు, బయలుదేరబోతూ. మూడో మనిషి టోపీ వెనక్కి తోసుకుని, కెమెరా వైపు తిరిగి, మార్ల్ ఏదో అన్నట్టున్నాడు, పకపకా నవ్వాడు. తర్వాత టోపీ దించుకున్నాడు. ఆరుగురూ నడక మొదలుపెట్టారు, అచ్చం సినిమాలోని వెతుకులాటలో లాగే. అక్కడ ముక్క తెగింది.

నిధి బొమ్మను ఆపింది. ఆంటీ, ఆ ఇయర్ చూడండి అంది. ఎడమ చెవి పైభాగం లేదు.

మార్గరెట్ పంపిన ఫోటో పక్కన పెట్టి చూశాం. ఆయనే. నిధి నా వైపు తిరిగింది. "ఆంటీ, ఈయన మిస్ అయ్యాడు కదా? మరి సెర్చ్‌లో ఎందుకు ఉంది?" అంది. ఉన్నాడు అనాలని దిద్దలేదే నేను. దిద్దే స్థితిలో లేను.

పెద్ద రీలు తీసి చూశాం. ఆ ముక్క తెగిన చోటే, అదే అడుగుతో, సినిమాలోని వెతుకులాట మొదలవుతుంది. మనిషి తప్పిపోవడానికి మూడు వారాల ముందు, ఊరికే నడిచివెళ్ళే దృశ్యమని తీసింది అది. దాని తల కత్తిరించి, ముందర అక్షరాలు అతికించి, వెతుకులాట అని చూపించారు. తప్పిపోయిన మనిషి తన కోసం తానే వెతుకుతూ నూరేళ్ళుగా నడుస్తున్నాడు.

తర్వాతి డబ్బాలో పలక మీద ఏప్రిల్ 4 అని ఉంది. బళ్ళకు కుక్కలను కట్టి, సామాను సర్దుకుని అందరూ దక్షిణానికి తిరిగిపోతున్నారు. బ్రాట్ తప్పిపోయింది రెండో తారీకున. మధ్యలో ఉన్నది ఒక్కరోజు. పందొమ్మిది రోజులూ లేవు, ఏమీ లేవు.

కత్తిరించిన ముక్కను మార్ల్ ఎందుకు పారేయలేదో నాకు అంతుబట్టదు. ఒక్క అగ్గిపుల్లతో పోయేది. చచ్చేదాకా దాచుకున్నాడు.

మా ఆర్కైవ్ డైరెక్టర్ గారికి చూపించాం. మంచివాడే. కేటలాగులో నిజం రాద్దాం, అది మన ధర్మం, కాని ఎనభై నాలుగేళ్ళ ఆవిడని పిలిచి మొహాన చెప్పడం ఎందుకు అన్నాడు. నిధి ఒప్పుకోలేదు. ఆయన వాళ్ళ తాత, మన తాత కాదు, దాచడానికి మనం ఎవరం అని వాదించింది. చివరికి ఇద్దరూ నా వైపు చూశారు, ఉత్తరాలు రాసింది నేను కదా. మార్గరెట్ వచ్చే నెల వస్తోంది.

నేను డైరెక్టర్ వైపే ఉన్నాను. వాళ్ళ నాయనమ్మ, ఆవిడ పేరు అన్నా, ఆ సినిమా ఊళ్ళో ఆడినన్ని రోజులూ వెళ్ళిందని మార్గరెట్ రాసింది. భర్త కోసం వెతికారన్న ఒక్క ఊరటతో బతికి ఉంటుంది. అబద్ధమే కానీ, ఆ కుటుంబాన్ని మూడు తరాలు కాచింది. ఇప్పుడు లాగేసి ఏం చేయాలి? నీకేమనిపిస్తుందో రాయి. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నీ పద్మిని


ప్లెయిన్స్‌బరో
23 మార్చి 2025

ప్రియమైన రాజేశ్వరికి,

నీ కార్డు చేరింది. నేను రెండు పేజీలు రాస్తే నువ్వు రెండు వాక్యాలు రాశావు. "చెప్పు. తెలియకపోవడమే మేలని తెలిసినవాళ్ళే అంటారు." అది ఫ్రిజ్ మీద పెట్టుకుని పది రోజులు చూశాను.

మార్గరెట్ గురువారం వచ్చింది. మేనల్లుడు అయిదు గంటలు డ్రైవ్ చేసి తీసుకొచ్చాడు. నీలం కోటు, దానికి బ్రోచ్, పెదవులకు కాస్త రంగు. పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. తాను చేసిన బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, మీ చేతిరాత చూసి మీరు ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నాను అంది. మేమిద్దరం కర్రలు పట్టుకుని ఆ కారిడార్‌లో నడుస్తుంటే నిధి నవ్వాపుకోలేకపోయింది.

ముందు ఆ చివరి ఘట్టం వేశాం, సినిమాలో ఉన్నట్టే, కాకపోతే శుభ్రంగా. అక్షరాలు పడ్డాయి. ఆరుగురూ నడిచారు. మార్గరెట్ కుర్చీ అంచుకు జరిగి, ఊపిరి బిగబట్టి చూసింది. అయిపోయింది. థాంక్యూ అంది, చాలా మెల్లగా.

అక్కడితో ఆపేయొచ్చు. బిస్కెట్లు తిని పంపించేయొచ్చు. మీతో ఒక మాట చెప్పాలి అన్నాను. నా ఇంగ్లీషు నలభై అయిదేళ్ళలో ఎప్పుడూ అంత తడబడలేదు. ఈ బొమ్మ వెతుకులాట కాదండీ, అంతకు ముందు తీసింది, వరసలో మూడో మనిషి మీ తాతగారే అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మూడోవాడా అంది. అవునన్నాను. మళ్ళీ అడిగింది, ముందు నుంచి లెక్కపెడితే మూడోవాడేనా అని. అవునన్నాను.

అప్పుడు చెప్పింది. సినిమా వాళ్ళ ఊరికి వచ్చిన మొదటి ఆటకే ఊరంతా వెళ్ళారట. అన్నా ముందు వరసలో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఘట్టం రాగానే లేచి నిలబడి, అదుగో ఆయనే, ఆ మూడోవాడే, ఆ నడక నాకు తెలియదా అని కేకలు పెట్టింది. జనం సముదాయించి బయటికి తీసుకెళ్ళారు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మాట. పత్రికవాళ్ళకు చెప్పింది, పాదిరీకి చెప్పింది, కెప్టెన్ హాల్‌స్టెడ్‌కి ఉత్తరం రాసింది. దుఃఖంతో మతి చలించిందని ఆమె అన్నదమ్ములే తీర్మానించి పిచ్చాసుపత్రిలో పెట్టారు. ఎనిమిది నెలలు. తిరిగొచ్చాక ఆ మాట ఎత్తలేదట. అసలు మాటలే తగ్గిపోయాయట. పిల్లలు బంధువుల ఇళ్ళలో పెరిగారు.

"మా నాన్న చనిపోయేవరకూ, మా అమ్మకి పిచ్చి, అయినా ఆమెను క్షమించాను అనేవాడు" అంది మార్గరెట్. తెర వైపు చూస్తూ, "ఏం చేసిందని?" అంది.

ఊరట కోసం ఆ సినిమాకి వెళ్ళేదని కదా నేను నీకు రాశాను! ఆవిడ వెళ్ళింది మొగుణ్ణి చూసుకోవడానికి. తాను చూసింది నిజమని తెలిసి, ఒక్క మనిషి కూడా నమ్మకపోతే ఎలా ఉండి ఉంటుంది రాజేశ్వరీ? ఆ మంచులో బ్రాట్ ఎంత ఒంటరో నాకు తెలియదు. ఆ థియేటర్‌లో అన్నా మాత్రం అంతకంటే ఒంటరి.

చిన్న డబ్బాలోని ముక్క వేశాం. పలక, ఆరుగురు మనుషులు, టోపీ తోసుకుని ఆయన నవ్వడం. పదకొండు సెకన్లు. వాళ్ళ ఇంట్లో ఆయన నవ్విన ఫోటో ఒక్కటీ లేదట. ఇంకోసారి అంది. ఇంకోసారి. నిధి లెక్కపెట్టకుండా వేస్తూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ. చివర్లో మార్గరెట్ తెర దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఆమె సరిగ్గానే చూసింది తాతయ్యా" అన్నట్టు ఏదో అంది. మాకు చెప్పిన మాట కాదు గనుక నేను సరిగ్గా వినలేదు.

కేటలాగులో అన్నా పేరు కూడా చేరుస్తామని డైరెక్టర్ ఒప్పుకున్నాడు. ఈ దృశ్యంలోని మనిషిని మొదట గుర్తించింది ఆయన భార్య అని, 1923లోనే అని రాస్తారు. నిధి అప్పుడే టైప్ చేసి చూపించింది. మార్గరెట్ కళ్ళజోడు తీసి తుడుచుకుని రెండుసార్లు చదివింది.

వెళ్ళేముందు కారు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళు ఆ ఒక్కరోజైనా వెతికి ఉంటారా అని అడిగింది. తెలియదన్నాను. తుఫాను, తిండి తక్కువ, తిరిగి వెళ్ళాలన్న భయం. ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా మొహంలోకి చూసి, "మీరైతే వెతకడానికి వెళ్ళి ఉండేవారా?" అంది.

చలిగా ఉంది, కారెక్కండి అన్నాను.

ఇక ఉంటాను. నీ ఒంట్లో జాగ్రత్త. చెవి మిషన్ మార్పించుకోమని స్మృతి అంటోందన్నావు, మార్పించుకో.

నీ పద్మిని

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. సెప్టెంబరులో ఫోన్‌లో నువ్వు ఒకటి అడిగావు. అప్పుడు నా కోసం వెతికావటే అని. వెతక్కుండా ఉంటానా, ఎంత వెతికానో అన్నాను. నీకొక ఉత్తరం రాశాను, అందలేదేమో అన్నావు. అందలేదన్నాను.

అందింది. 1989 నవంబరులో. ట్రెంటన్‌లో ఆడవాళ్ళ షెల్టర్‌లో ఉన్నానని, ఫోన్ నంబరు ఇచ్చి రాశావు. టీకాల కార్డు లేనిదే స్మృతిని బళ్ళో చేర్చుకోవడం లేదు, హాల్లో బీరువా పై అరలో నీలం ఫైల్లో ఉంది, ఎలాగైనా తెచ్చిపెట్టు అని రాశావు. ఎందుకు వెళ్ళిపోయావో నాకు తెలుసు. నీ చెయ్యి విరిగినప్పుడు మెట్లమీంచి పడిందని మీ ఆయన, డాక్టరుగారు, చెబితే నమ్మినట్టు తలూపినవాళ్ళలో నేనూ ఉన్నాను. రాధాకృష్ణ వద్దన్నారని రాస్తే నాకు తేలిక. ఆయనకు ఆ ఉత్తరం చూపించనే లేదు. నలుగురిలో మాట వస్తుందని భయపడ్డాను, అంతే, ఇంకే కారణమూ లేదు.

ఆ శనివారం, డాక్టరుగారు పాపం ఒంటరివాడైపోయాడని మనవాళ్ళందరూ తలా ఒకటి వండుకుని మీ ఇంటికి వెళ్ళారు. నేను పులిహోర కలిపి తీసుకెళ్ళాను. ఆ బీరువా ఎదురుగానే కూర్చుని తిన్నాను. లేచి తలుపు తీస్తే చాలు. తియ్యలేదు. నీ ఉత్తరం అప్పుడు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

నేను వెతకలేదు రాజేశ్వరీ. వెతకాల్సిన పనే లేదు. నువ్వెక్కడున్నావో నాకు తెలుసు.